ఒకరికొకరు కాపలా

తడి బట్టలకి ఊరితో పని లేదు. ఎక్కడికెళ్ళినా పిండే చెయ్యి ఒకటే. ఇంట్లో అయితే కనీసం కాలు కదపడానికి చోటుంటుంది. ఇక్కడ పడవలో, అగ్గిపెట్టెంత గదిలో, తిరగబోతే మోచెయ్యి గోడకి కొట్టుకునే స్నానాల గదిలో గొంతుక్కూర్చుని ఆమె మొగుడి నిక్కరూ కూతురి ఈత బట్టలూ పిండుతోంది. కిటికీ అవతల సముద్రం ఉంది, సముద్రంలోంచి నిటారుగా లేచిన పచ్చటి దీవులున్నాయి. చూద్దామంటే లేచి నిలబడాలి, నిలబడితే పని తెమలదు. "హాలిడేకి వచ్చి కూడా ఈ చాకిరీ ఏంటి నీకు, అలా పడేయ్" అన్నాడు ఆయన పొద్దున్నే, ఎంతో ప్రేమగా. అన్న నోటితోనే టీ తాగొచ్చి, "నా నీలం నిక్కరు ఆరిందా?" అని అడిగాడు. పడేసిన బట్టలు వాటంతటవే ఆరిపోతాయని ఈ మగవాళ్ళకి ఏ బళ్ళో నేర్పారో తెలియదు.

రెండు రాత్రుల ప్రయాణం. అఖాతంలో దీవుల మధ్య నింపాదిగా తిరిగే పెద్ద పడవ, దాని వెనక తాడు కట్టుకుని వచ్చే చిన్న పడవ. చెయ్యాలనుకుంటే ఇక్కడ ఎన్నో ఉన్నాయి. గైడ్ అమ్మాయి మైకు పట్టుకుని చెబుతూనే ఉంటుంది: ఇప్పుడు గుహ, ఇప్పుడు ఇసక ఒడ్డున ఈత, ఇప్పుడు తెడ్లు వేసుకుంటూ రాతి తోరణం కింద నుంచి అవతలికి పోవడం, రేపు పొద్దున కొండెక్కి అఖాతమంతా ఒక్క చూపులో చూడటం. నిన్న ప్రతిసారీ ఆ చిన్న పడవలోకి దిగింది ఆయనా, కూతురు చిన్నీ. ఆమే, అత్తగారూ పెద్ద పడవ పై అంతస్తులో కుర్చీల్లో మిగిలిపోయారు. ఒళ్ళో రెండు జతల చెప్పులూ రెండు ఫోన్లూ ఒక కెమెరా. సాయంత్రం వంట నేర్పే కార్యక్రమానికి మాత్రం ఆయన అత్తాకోడళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టాడు. వంటాయన కారెట్‌ని పువ్వులా చెక్కడం చూపించి ఎవరన్నా ప్రయత్నిస్తారా అని అడగ్గానే, "మా ఆవిడ చేస్తుంది" అని ఆమె చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. పదిహేడేళ్ళుగా కూరగాయలు తరుగుతోంది గానీ ఎవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి. డబ్బులిచ్చి మరీ వంట చేసే సెలవులు దేవుడు అందరికీ ప్రసాదించడు.

ఆమె ఉండిపోవడానికి కారణం అత్తగారి మోకాళ్ళు. "అమ్మకి మోకాళ్ళు కదా, చిన్న పడవలోకి దిగలేదు. ఒక్కదాన్నీ వదిలేస్తే ఏం బావుంటుంది? నువ్వు తోడుండు, ఏం?" అన్నాడు ఆయన. ఆ 'ఏం'కి జవాబు అక్కర్లేదు. అది ప్రశ్నలా వినిపించే ముగింపు. సరే అంది. నిన్నంతా సరే అంటూనే ఉంది. ఈ పూట కూడా, చిన్ని తొందర పెడుతుంటే పిండిన బట్టలు మంచం అంచు మీద ఆరేసి, సన్‌క్రీమ్ వెతికిచ్చి, ఆయన కళ్ళద్దాలు తుడిచిచ్చి, ఇద్దర్నీ మెట్ల దాకా సాగనంపి పైకెళ్ళింది.

నిజానికి ఈ పూట ఆమెకి గుహ మీద మనసు లేదు. రాత్రి భోజనాలయ్యాక డెక్ మీద ఆయన చెప్పిన మాట ముల్లులా దిగి ఉంది. ఆమె కళ్ళద్దాల షాపులో ఒంటిపూట పని చేస్తుంది. అద్దాల్ని ఫ్రేముకి సరిపోయేలా అరగదీసి బిగించడం, ముక్కు మీద నిలవని కళ్ళజోడుని నిలిచేలా వంచడం ఆమె పని. షాపు పెద్దాయన ఇంకో వీధిలో రెండో షాపు తెరుస్తున్నాడు. "అది నువ్వు చూసుకోవాలమ్మా, పూర్తిగా నీ చేతిలోనే" అన్నాడు. సెలవు నుంచి రాగానే ఏ సంగతీ చెప్పమన్నాడు. పూర్తి రోజు పని, సొంత కౌంటరు, కింద ఇద్దరు మనుషులు. వినగానే ఆమెకి ఒళ్ళంతా వేడెక్కింది. ఇంటికొచ్చి చెబితే ఆయన ముఖం చాటంత చేసుకుని, "నాకెంత సంతోషంగా ఉందో. అమ్మతో ఓ మాట అనేసి చెప్తాను" అన్నాడు. రెండు వారాలు గడిచాయి. నిన్న రాత్రి, నీళ్ళ మీద దీపాలు చూస్తూ, గొంతు తగ్గించి చెప్పాడు: "అమ్మ ఒప్పుకోలేదు. చాలా బాధపడింది. ఈ వయసులో రోజంతా ఒక్కతీ ఎలా ఉంటుంది, మనమే ఆలోచించాలి. ఈసారికి వదిలేయ్." ఇంకో అరగంటలో నిద్రపోయాడు కూడా. ఆమె మాత్రం పై కప్పు వైపు చూస్తూ, పక్క గదిలో దగ్గుతున్న అత్తగారి మీద పళ్ళు నూరుకుంటూ పడుకుంది.

ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు పోట్లాడుకోవడం ఎవరూ చూడలేదు. పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి జరిగింది, పొయ్యి మీద పాలు పొంగిపోయినందుకు. తప్పు నీదంటే నీదని ఇద్దరూ గొంతు పెంచారు. ఆయన వచ్చి మధ్యలో నిలబడి, చేతులు రెండూ చాపి, "ఇకనుంచి మీ ఇద్దరిలో ఎవరికేం ఉన్నా నాతో చెప్పండి. మీలో మీరు అనుకోవద్దు. నేను చూసుకుంటాను" అన్నాడు. అప్పటినుంచి ఆయనే చూసుకుంటున్నాడు. అమ్మకి ఇలా ఇష్టం అని ఇటొచ్చి చెప్తాడు, కోడలికి అలా ఇష్టం లేదని అటెళ్ళి చెప్తాడు. ఆడవాళ్ళిద్దరి మధ్యా గిన్నె ఎక్కడుంది, కరెంటు బిల్లు కట్టారా, ఇంతకు మించి మాట లేదు. బంధువులంతా ఆయన్ని చూసి ముక్కున వేలేసుకునేవాళ్ళు. పాము చావకుండా కర్ర విరగకుండా తల్లినీ పెళ్ళాన్నీ నెట్టుకొస్తున్నాడురా అనేవాళ్ళు. ఆఫీసులోనూ ఆయనకి అదే పేరు. పైవాళ్ళు ఒప్పుకోరని కిందివాళ్ళకీ, కిందివాళ్ళు ఒప్పుకోరని పైవాళ్ళకీ చెప్పి అందరి చేతా మంచివాడనిపించుకుంటాడు. ఇల్లు ప్రశాంతంగా ఉండేది, అందులో అబద్ధం లేదు.

పై అంతస్తులో ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. అత్తగారు తల మీద తువ్వాలు వేసుకుని, చిన్న పడవ పోయిన దిక్కే చూస్తోంది. అది చిన్నదైపోయి, కొండ మలుపు తిరిగి, కనబడకుండా పోయింది. ఆమె పక్క కుర్చీలో కూర్చుని ఫోన్ తీసి అవే ఫోటోలు మళ్ళీ చూడసాగింది. రాత్రి కోపం ఇంకా చల్లారలేదు. ఈ ముసలావిడ ఇంట్లో ఒక్కతీ ఉండలేదట. ఉండలేక ఏం చేస్తుంది, ఎవరు ఎత్తుకుపోతారు ఈవిణ్ణి, అనుకుంటోంది.

"ఎంత భయమైతే మాత్రం మరీ ఇంతలానా?" అంది అత్తగారు ఉన్నట్టుండి.

ఎవరితో అంటోందో అర్థం కాక ఆమె తలెత్తింది. "ఎవరికి భయం అత్తయ్యా?"

"నీకే. నీళ్ళంటే నీకు చచ్చేంత భయమటగా. నిన్ను ఒక్కదాన్నీ పడవలో వదిలేస్తే బెంబేలెత్తిపోతావు, తోడుండమ్మా అన్నాడు వాడు. ఉన్నాను. నిన్నా ఉన్నాను, ఇవాళా ఉన్నాను. ఆ గుహ చూడాలని నాకెంత ఉందో నీకేం తెలుసు? ఈ వయసులో మళ్ళీ ఇంత దూరం వస్తానా? మెట్లు దిగి పడవలో కూర్చోడమేగా, లైఫ్ జాకెట్లు కూడా ఇస్తున్నారు. ఒక్కసారి ధైర్యం చెయ్యకూడదూ?"

ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నాకు నీళ్ళంటే భయం లేదు. మీకు మోకాళ్ళ నొప్పులని, మీకు తోడుగా నన్ను ఉండమన్నారు."

"మోకాళ్ళా?" అత్తగారు కాళ్ళు చాపి మోకాళ్ళ వంక చూసుకుంది, వాటిని కూడా ఒక మాట అడుగుదామన్నట్టు. "రోజూ డాబా ఎక్కి బట్టలు ఆరేసొచ్చేది ఈ మోకాళ్ళేగా?"

అదీ నిజమే. రోజూ కళ్ళారా చూసేదే. అయినా ఆయన 'మోకాళ్ళు' అనగానే ఆ మోకాళ్ళు నొప్పెట్టడం మొదలైపోయింది ఆమె బుర్రలో. ఇక నీళ్ళ భయం ఎక్కణ్ణుంచి పుట్టిందో ఆలోచిస్తే కాసేపటికి తట్టింది. చిన్ని పసిదిగా ఉన్నప్పుడు ఒకసారి అందరూ బీచికి వెళ్ళారు. ఆ రోజు ఆమె బయట ఉంది, నీళ్ళలోకి రానని ఆయన చెవిలో చెప్పింది. తల్లి దగ్గర ఆ మాట చెప్పడానికి మొహమాటపడి, "తనకి నీళ్ళంటే భయమమ్మా" అని ఉంటాడు. నెలకి నాలుగు రోజులు ఉండే సంగతిని జీవితాంతం భయంగా మార్చేశాడు మహానుభావుడు. ఆ మాటే ఇప్పుడు అత్తగారితో చెప్పింది, మొహమాటం లేకుండా. అత్తగారు, "ఓరి వీడి దుంప తెగ" అంది.

ఇద్దరూ కాసేపు నవ్వుకున్నారు. అంతటితో ఆగిపోయి ఉంటే అదొక సరదా కబురు అయ్యేది. కానీ అత్తగారి నవ్వు సగంలో తెగిపోయింది. తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుని, దాని అంచు మడత పెడుతూ విప్పుతూ, "ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు" అంది. "మా అక్క మంచాన పడ్డప్పుడు నేను వెళ్ళి నెల్రోజులు ఉంటానన్నాను. నీకు నడుం పట్టేసింది, మంచం దిగలేకపోతున్నావు, నేను వెళ్తే ఇల్లు మూలపడుతుంది, వద్దని నువ్వే ఏడ్చావని చెప్పాడు. నిజమేనా?"

ఆమెకి ఆ నెల బాగా గుర్తు. ఆయనకి ప్రమోషన్ వచ్చే రోజులు. రెండు రోజులకోసారి ఆఫీసువాళ్ళు భోజనానికి వచ్చేవాళ్ళు. అత్తాకోడళ్ళిద్దరూ వంటింట్లోంచి బయటికి వచ్చింది లేదు. నడుం పట్టేసి ఉంటే ఆ గిన్నెలన్నీ ఎవరు తోమినట్టు? "నాకేం కాలేదు అత్తయ్యా" అంది నెమ్మదిగా. "మీకే వెళ్ళాలని లేదన్నారు. మీకూ మీ అక్కగారికీ మొదట్నుంచీ పడదన్నారు."

"పడకపోవడమేంటి. నన్ను చంకనేసుకుని పెంచింది అది." అత్తగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. "నేను వెళ్ళేసరికి లేదు. నీ నడుము కోసం మా అక్కని చూసుకోలేకపోయానని నిన్ను ఎంత తిట్టుకున్నానో లోపల. నీ చేత్తో పెట్టిన కాఫీ కూడా చేదుగా ఉండేది నాకు."

ఆ కాఫీ సంగతి ఆమెకి తెలుసు. సగం తాగి వదిలేసిన గ్లాసులు ఎన్ని కడిగిందో. తన కాఫీ బాగోదని అనుకుంది, పొడి మార్చింది, పాలు మార్చింది. చివరికి ఈవిడ బుద్ధే అంత అని తేల్చుకుంది. 'అత్త' అనే పదం ఒకటి దొరికితే చాలు, ఏ నిందైనా దానికి అతుక్కుంటుంది. 'కోడలు' అనే పదమూ అంతే. లోకమంతా ముందే ఒప్పుకుని కూర్చున్న అబద్ధాన్ని మోయడానికి ఆయన పెద్దగా కష్టపడాల్సిన పని కూడా లేకపోయింది. అదంతా తలుచుకుంటుంటే ఆమెకి తర్వాత అడగాల్సిన ప్రశ్న ఏమిటో తెలిసిపోయింది, జవాబు కూడా తెలిసిపోయింది.

"చిన్ని పుట్టాక నేను పూర్తి రోజు పనికి వెళ్తానంటే మీరు వద్దన్నారా?"

"నేనా? బిడ్డను రోజంతా వదిలి ఉండలేను, ఒంటిపూట పని చాలు అని నువ్వే అన్నావటగా. నేను చూసుకుంటాను, వెళ్ళమను అని కూడా చెప్పాను వాడికి. దానికి మనసొప్పట్లేదమ్మా, బలవంతం చెయ్యకు అన్నాడు."

ఆమె లేచి వెళ్ళి పడవ అంచున కమ్మీ పట్టుకుని నిలబడింది. ఆ రోజుల్లో ఎంత ఏడ్చిందో ఆమెకే తెలుసు. పసిబిడ్డకి పాలిస్తూ, గోడ అవతల ఉన్న అత్తగారి వైపు ఎన్ని శాపనార్థాలు పంపిందో. ఆ గోడ అవతలి మనిషి, వెళ్ళమను నేను చూసుకుంటాను అంటూ కూర్చునుందట. మధ్యలో ఉన్నది నాలుగడుగుల వరండా. నాలుగడుగులు నడిచి ఒక్క మాట అడిగి ఉంటే పోయేది. ఎందుకు అడగలేదు? ఆయన అంత మెత్తగా చెప్పేవాడు. అమ్మ సంగతి నీకు తెలుసుగా, నీ బాధ నాకు తెలియదా, అంటూ తల నిమిరేవాడు. తిట్టినవాడితో పోట్లాడొచ్చు. తల నిమిరేవాడితో ఎలా పోట్లాడతారు? షాపుకి జంటలు వస్తుంటాయి. భార్య కళ్ళకి అద్దం పెట్టి, ఇప్పుడు ఎలా కనబడుతోంది అని ఆమె అడిగితే పక్కనున్న మొగుడు, "బాగానే కనబడుతోందండీ ఆవిడకి" అంటాడు. "ఆవిణ్ణి చెప్పనివ్వండి సార్" అని ఎన్నిసార్లు అందో. ఊళ్ళో ఆడవాళ్ళందరి కళ్ళ తరఫునా అడిగింది గానీ తన తరఫున అడగలేదు. మొహం మీద కొడుతున్న ఉప్పుగాలికి కళ్ళు మండుతున్నాయో, ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు.

వెనక నుంచి అత్తగారు, "కూరలో ఉప్పెక్కువ వేస్తావన్న మాట మాత్రం నాదే" అంది. "అది వాడి మీద తొయ్యకు."

"తెలుసు. అది మీ గొంతులోనే వినబడింది."

"ఇప్పటికీ ఎక్కువే వేస్తావు."

ఆమె తిరిగొచ్చి కూర్చుంది. షాపు సంగతి మొత్తం చెప్పింది, రెండో షాపు, పెద్దాయన మాట, రాత్రి డెక్ మీద వచ్చిన తీర్పు, అన్నీ. అత్తగారికి అందులో ఒక్క ముక్క తెలియదు. తను ఒప్పుకోలేదన్న సంగతీ, చాలా బాధపడిందన్న సంగతీ ఆవిడ అప్పుడే మొదటిసారి విన్నది. ఎంతైనా కన్నకొడుకు. "వాడు చెడ్డవాడు కాదు..." అని మొదలుపెట్టింది, పూర్తి చెయ్యలేకపోయింది. చెడ్డవాడు కాడని ఆమెకీ తెలుసు. చెయ్యెత్తలేదు, తాగలేదు, జీతం ఇంటికే తెస్తాడు. ఒక్కటే లోపం, తనకి ఇష్టం లేని పని ఉంటే ఆ 'ఇష్టం లేదు'ని ఎప్పుడూ తన పేరు మీద ఉంచుకోలేదు. ఒకసారి తల్లి పేరు మీద, ఒకసారి భార్య పేరు మీద రాసేసి, తను మాత్రం సంతోషమే పంచుతూ బతికాడు.

"అయితే వెళ్ళు" అంది అత్తగారు చివరికి. "నాకేం అభ్యంతరం లేదు. నేను ఒప్పుకుంటున్నాను, సరేనా?"

ఆ మాటకి ఆమె మనసు ఒక్కసారి తేలికైపోయింది. అత్తయ్య ఒప్పుకుంది, ఇక దిగుల్లేదు అనుకుంది. అనుకున్న మరుక్షణమే ఏదో గుచ్చుకుంది. ఒప్పుకోలేదంటే మానెయ్యడం, ఒప్పుకుందంటే వెళ్ళడం. మధ్యలో ఆయన్ని తీసేసినా పద్ధతి అదేగా. తన చేతులు చేసే పని, తన కళ్ళు చూసే పని. దాని గురించి నలభయ్యో ఏట కూడా ఎవరి ముఖం ఎలా మారుతుందా అని చూస్తూ కూర్చుంది. అత్తగారి మంచితనాన్ని కాదనడం లేదు. కానీ ఈ సంతోషం అప్పు తెచ్చుకున్నట్టుగా ఉంది.

"అత్తయ్యా, నేను మిమ్మల్ని అడగట్లేదు" అంది, మెల్లగా, ఎక్కడా మొరటుగా వినిపించకుండా. "మీకు చెప్తున్నాను."

అత్తగారి ముఖం బిగుసుకుంది. ఏదో అనబోయింది. ఆ నోటి దాకా వచ్చింది అత్త మాటే, ఇద్దరికీ తెలుసు. దాన్ని మింగి, తువ్వాలు మళ్ళీ తల మీద వేసుకుని, "సరే, చెప్పావు. విన్నాను" అంది. "మధ్యాహ్నం నా భోజనం సంగతి?" అని అడిగింది.

"వండి పెట్టి వెళ్తాను. వడ్డించుకోవడం మీ పని."

"వడ్డించుకోలేనని నేనెప్పుడన్నా అన్నానా?"

"అన్నారని చెప్పారు."

అత్తగారు నుదురు కొట్టుకుంది. ఆమె ఫోన్ తీసి, సిగ్నల్ దొరికే మూలకి వెళ్ళి షాపు పెద్దాయనకి చేసింది. కొత్త షాపు నేను చూసుకుంటానండీ అంది. ఆయన సంతోషించి, వెంటనే అనుమానంగా, ఇంట్లో అడిగావా అమ్మా అన్నాడు. చెప్పానండీ అంది. చెప్పడం అప్పటికి సగమే అయింది, మిగతా సగం గుహలో ఫోటోలు దిగుతోంది.

మధ్యాహ్నం భోజనాలకి ఆయనా చిన్నీ ఎండకి ఎర్రబడి, జుట్టు చింపిరి చేసుకుని, ఆకలిగా వచ్చి కూర్చున్నారు. కిటికీ పక్క బల్ల. ఆయన గుహ గురించి చెబుతున్నాడు, పైనుంచి వేలాడే రాళ్ళూ, వాటి మీద పడే రంగుల దీపాలూ. మీరిద్దరూ చూసి ఉండాల్సింది అన్నాడు, నిజంగానే జాలిపడుతూ. తర్వాత రాతి తోరణం కిందకి తెడ్లు వేసుకుంటూ వెళ్ళడం ఉంది కదా, దానికి ఎలా కూర్చోవాలో చిన్నికి చెంచాతో చూపిస్తున్నాడు. ఆమె మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టింది.

"కొత్త షాపుకి వస్తానని మా పెద్దాయనకి ఫోన్ చేసి చెప్పేశాను" అంది.

ఆయన చెంచా ఆగింది. ముఖంలో నవ్వు అలాగే ఉంది, పోవడానికి టైమ్ చాల్లేదు దానికి. అలవాటైన దారిలో గొంతు దానంతటదే తగ్గింది. "రాత్రే చెప్పాను కదా నీకు, అమ్మకి..."

"నేను ఇక్కడే కూర్చున్నానురా" అంది తల్లి. "నా సంగతి నన్నడుగు."

ఆయన తల్లి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. ఇద్దరూ ఒకే వైపు కూర్చున్నారని అప్పుడే గమనించినట్టున్నాడు. బల్ల మీద ఉప్పు డబ్బా ఇటు జరిపి అటు జరిపాడు. "అది కాదమ్మా, పాపకి వచ్చే ఏడు పెద్ద పరీక్షలు. ఇంట్లో తల్లి లేకపోతే అది..."

"నా పేరు ఎత్తకు నాన్నా" అంది చిన్ని, తింటున్న ప్లేటులోంచి తలెత్తకుండానే. "నేనేం అనలేదు."

పేర్లు అయిపోయాయి. ఆ బల్ల దగ్గర ఇక మిగిలింది ఆయన పేరు ఒక్కటే. ఎవరూ సాయం రాలేదు. పక్క బల్ల వాళ్ళు ఫోటోలు తీసుకుంటున్నారు. ఆయన నీళ్ళు తాగాడు. పెదవులు తుడుచుకున్నాడు. చివరికి ఎవరి వైపూ చూడకుండా, "నాకు ఇష్టం లేదు" అన్నాడు.

ఆమెకి కోపం రాలేదు. నిజంగా ఆశ్చర్యం వేసింది. ఇంతేనా? ఇన్నేళ్ళూ అత్తగారి బాధలా, పసిదాని ఏడుపులా, పోయిన ఒక పెద్దావిడ మంచంలా అంత పెద్దగా అడ్డం నిలబడింది ఇదా? వెనకాల ఎవరూ లేకుండా ఒంటరిగా బల్ల మీదికి వస్తే అది ఎంత చిన్న మాటో ఆమె మొదటిసారి చూసింది.

"సరేనండీ" అంది. "మీకు ఇష్టం లేదు. నేను వెళ్తున్నాను."